పటం, బాట, పెద్దల మాట: ఇనూయిట్ల జ్ఞానవారసత్వంలో డిజిటల్ పటరచన

వ్యాససంగ్రహం:

ఆదివాసీ సమాజాల భౌగోళిక జ్ఞానం ప్రధానంగా మౌఖికమైనది. అది ప్రయాణంలో, పెద్దల సాహచర్యంలో ఒక తరం నుంచి మరొక తరానికి అందుతుంది. స్థిరనివాసం, పాఠశాల విద్య, కొత్త వాహనాలు ఈ సాహచర్యాన్ని తగ్గించినచోట డిజిటల్ పటం ఆ లోటును ఎంతవరకు పూరించగలదన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం. ఇందుకు కెనడా ఉత్తర ధ్రువప్రాంతంలోని ఇనూయిట్ల అనుభవాన్ని ప్రధానంగా స్వీకరించాను. స్థలనామ సేకరణ, బాటల పటాలు, ఇగ్లినీట్, సికు, స్మార్ట్‌ఐస్ ప్రయత్నాల పరిచయం ఇందులో ఉంది. పటం తనంతట తానుగా జ్ఞానాన్ని అందించలేదు. పెద్దలనూ పిల్లలనూ ఒకే బాటలోకి తెచ్చినప్పుడు, దానిమీద అధికారం ఆ సమాజం చేతిలోనే ఉన్నప్పుడు మాత్రమే అది వారసత్వ సాధనమవుతుంది. ఇదే ఈ వ్యాస ప్రతిపాదన. తెలుగు రాష్ట్రాల ఆదివాసీ ప్రాంతాలలో పనిచేసే పరిశోధకులకు ఈ అనుభవం సూచించే అంశాలను చివరలో పేర్కొన్నాను.

కీలకపదాలు: ఆదివాసీ జ్ఞానం, డిజిటల్ పటరచన, ఇనూయిట్లు, స్థలనామాలు, సముద్రపు మంచు, జి.పి.ఎస్., సమాచార స్వామ్యం, అటవీ హక్కుల చట్టం.

1. ఉపోద్ఘాతం:

అట్లాంటిక్ సముద్రం నుంచి ఉత్తర ధ్రువప్రాంతం మీదుగా పసిఫిక్‌కు ఓడదారి వెతుకుతూ వచ్చిన బ్రిటిష్ నావికాధికారి విలియం ఎడ్వర్డ్ ప్యారీ, 1821-22 చలికాలాన్ని మెల్విల్ ద్వీపకల్పం సమీపాన ఉన్న వింటర్ ద్వీపం వద్ద, మంచులో నిలిచిపోయిన ఓడలలో గడిపాడు. అక్కడ పరిచయమైన ఇలిగ్లియుక్ అనే ఇనూయిట్ స్త్రీ తాను ఎరిగిన తీరాన్ని కాగితం మీద గీసి చూపింది. ఉత్తరాన తీరం పడమటికి తిరుగుతుందనీ, అక్కడ సముద్రం చీలి దారి ఇస్తుందనీ ఆ పటం తెలిపింది. 1822 వేసవిలో ప్యారీ ఆ దిశగానే సాగి జలసంధిని చేరుకొన్నాడు. మంచు అడ్డుపడటంతో దానిని దాటలేకపోయాడు. ప్రపంచ పటాలలో నేటికీ దాని పేరు ఫ్యూరీ అండ్ హెక్లా జలసంధి. ఫ్యూరీ, హెక్లా ప్యారీ తెచ్చిన రెండు ఓడల పేర్లు.

ఈ సంఘటన నుంచి గ్రహించవలసినవి రెండు ఉన్నాయి. కాగితం మీద పటం గీసుకొని ప్రయాణించే అలవాటు లేని సమాజానికి చెందిన ఒక స్త్రీ, వందల మైళ్ల తీరాన్ని జ్ఞాపకం నుంచి గీయగలిగింది. అంటే పటం లేకపోవడం భౌగోళిక జ్ఞానం లేకపోవడం కాదు. ఇక రెండవది: జ్ఞానం ఆమెది, పటంమీద నిలిచిన పేరు పరాయి ఓడలది. జ్ఞానం పటంలోకి ప్రవేశించినప్పుడు అది ఎవరి పేరున, ఎవరి అధికారంలో నిలుస్తుందన్న ప్రశ్న అప్పటినుంచే ఉంది. రెండు వందల ఏళ్ల తరువాత ఇనూయిట్ యువతరం ఉపగ్రహ చిత్రాలమీద తమ తాతల బాటలను గుర్తిస్తున్న సందర్భంలో కూడా ఆ ప్రశ్న అలాగే ఉంది.

డిజిటల్ పటరచన ఆదివాసీ జ్ఞానాన్ని కొత్త తరానికి అందించడంలో ఎలా పనిచేస్తుంది, ఎక్కడ విఫలమవుతుంది అన్న విషయాలను వివరించడం ఈ వ్యాసం లక్ష్యం. ప్రచురిత పరిశోధనలు, బహిరంగంగా అందుబాటులో ఉన్న డిజిటల్ పటాలు దీనికి ఆధారాలు. ఇది క్షేత్రపర్యటన చేసి రాసినది కాదు. 'ఇనూయిట్' అనే మాటకు వారి భాష ఇనుక్టిటుట్‌లో 'మనుషులు' అని అర్థం. అది బహువచనమే అయినా తెలుగు వాక్యానికి అనువుగా 'ఇనూయిట్లు' అని వాడుతున్నాను.

2. బాట, పేరు, గాలి – ఇనూయిట్ స్థలజ్ఞాన స్వరూపం:

ఏమి పటంలోకి వస్తున్నదో తెలుసుకోవాలంటే ముందుగా ఆ జ్ఞానం స్వరూపం తెలియాలి. ఇనూయిట్ల ప్రయాణాలలో ఎక్కువభాగం నేలమీద, గడ్డకట్టిన సముద్రం మీద సాగుతుంది. ఇగ్లూలిక్ ప్రాంతంలో దీర్ఘకాలం పనిచేసిన మానవశాస్త్రవేత్త క్లాడియో అపోర్టా ఈ బాటల గురించి విశేషమైన పరిశీలనలు చేశారు. మంచుమీది బాట శాశ్వతమైనది కాదు. ప్రతి వేసవిలో అది కరిగిపోతుంది. మరుసటి చలికాలంలో తిరిగి ఇంచుమించు అదే చోట ఏర్పడుతుంది. రెండు చలికాలాల మధ్య ఆ బాట మనుషుల జ్ఞాపకంలో, మాటలో మాత్రమే ఉంటుంది. నేలమీద గుర్తులు మిగలని బాటలను తరతరాలుగా నిలిపి ఉంచినది మౌఖిక సంప్రదాయమే.

ఆ మాటకు ఆధారం స్థలనామాలు. ఇనుక్టిటుట్ స్థలనామాలు చాలావరకు వర్ణనాత్మకాలు. కొండ ఆకారం, చేపల సమృద్ధి, ప్రవాహం తీరు, అక్కడ జరిగే పని పేరులో ఇమిడి ఉంటాయి. నునావుట్ రాజధాని ఇకాలుయిట్ పేరుకు 'చేపలు పుష్కలంగా ఉన్నచోటు' అని అర్థం. బాటమీద వరుసగా వచ్చే పేర్లను చెప్పుకొంటూ పోవడం అంటే దారి చెప్పడమే.

మూడవది గాలి. ఇగ్లూలిక్ ప్రాంతంలో 'ఉవాంగ్నాక్' అనే వాయవ్యపు గాలి ప్రబలమైనది. అది మంచును గట్టిపరచి నాలుక ఆకారంలో మొనదేలిన దిబ్బలుగా మలుస్తుంది. వాటిని 'ఉకలురైట్' అంటారు. వాటి మొనలు ఎప్పుడూ ఒకే దిశను చూపుతాయి కనుక, ప్రయాణికుడు వాటిని ఒకే కోణంలో దాటుకుంటూ పోతే మంచుతుఫానులో సైతం దిశ తప్పడు. పైన కొత్త మంచు కప్పినా, అడుగున ఉన్న గట్టి దిబ్బను పాదంతో తడిమి గుర్తించవచ్చు. దీనిని పుస్తకంలో చదివి తెలుసుకోవచ్చు గానీ, పాదానికి నేర్పడం మాత్రం మంచుమీదనే సాధ్యం.

సముద్రపు మంచు విషయంలో ఈ జ్ఞానం ప్రాణరక్షణ విద్య. ఒడ్డును అంటిపెట్టుకొని కదలని మంచు 'తువాక్'. ఆ మంచు ముగిసి నీళ్లు మొదలయ్యే అంచు 'సినా'. ఇప్పుడిప్పుడే పేరుకొంటున్న పలుచని మంచు 'సికువాక్'. మంచు రంగు, చప్పుడు, ఈటెతో పొడిచినప్పుడు చేతికి తెలిసే గట్టిదనం, ఆనాటి గాలి, చంద్రకళలను బట్టి మారే పోటు కలిస్తే, ఇక్కడ అడుగు వేయవచ్చా కూడదా అన్న నిర్ణయం వస్తుంది. ఇది సమాచారాన్ని మించిన వివేచన. వివేచనను ఒక తరం మరొక తరానికి అందించే తీరు, సమాచారాన్ని అందించే తీరు ఒకటి కావు. ఈ వ్యాసంలోని వాదానికి ఈ భేదమే మూలం.

3. తెగిన సాహచర్యం:

1950, 60 దశకాలలో కెనడా ప్రభుత్వ విధానాల వల్ల, ఇతర కారణాల వల్ల ఇనూయిట్ కుటుంబాలు సంచార శిబిరాలను వదిలి శాశ్వత గ్రామాలలో స్థిరపడ్డాయి. పిల్లలు బడికి వెళ్లారు. అక్కడ బోధన ఇంగ్లీషులో సాగింది. తండ్రి స్లెడ్జి మీద కూర్చొని బాటలు నేర్వవలసిన వయస్సు తరగతి గదిలో గడిచింది. 1960ల నుంచి కుక్కల బండ్ల స్థానంలో స్నోమొబైల్ వచ్చింది. కుక్కల బండి మీద పోయేటప్పుడు పెద్దవాడు ముందున్న కొండను చూపి పేరు చెప్పే అవకాశం ఉంది. కుక్కలకు కూడా దారి తెలుసు. మోటారు చప్పుడులో మాట వినబడదు. వేగంలో నేల వివరం జారిపోతుంది.

1990ల మధ్యకాలంలో ఇగ్లూలిక్‌కు జి.పి.ఎస్. వచ్చింది. పొగమంచులో, కదిలే మంచుపలకల నడుమ వాల్రస్ వేటకు వెళ్లేవారికి అది వెంటనే ఉపయోగపడింది. అపోర్టా, ఎరిక్ హిగ్స్ 2005లో 'కరెంట్ ఆంత్రోపాలజీ' పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ మార్పును విశ్లేషించింది. జి.పి.ఎస్. రెండు బిందువుల మధ్య సరళరేఖను చూపుతుంది. ఇనూయిట్ బాట వంకరగా పోతుంది. ఆ వంకరకు కారణం ఉంటుంది: నడుమ ప్రవాహపు తాకిడికి పలుచబడే మంచు ఉండవచ్చు, బండి ఎక్కలేని రాళ్లు ఉండవచ్చు. పరికరానికి ఆ కారణం తెలియదు. పైగా తీవ్రమైన చలిలో బ్యాటరీ నీరసిస్తుంది, తెర పనిచేయదు. అనుభవజ్ఞుడైన వేటగాడి చేతిలో జి.పి.ఎస్. అదనపు బలం. ఏమీ తెలియని యువకుడి చేతిలో అదే ప్రమాదానికి దారి కావచ్చునన్నది పెద్దల ఆందోళన.

ఈ చర్చకు ఆ వ్యాసకర్తలు తత్త్వవేత్త ఆల్బర్ట్ బోర్గ్‌మన్ సిద్ధాంతాన్ని అన్వయించారు. పొయ్యి ఇంటిల్లిపాదికీ పని కల్పిస్తుంది. కట్టెలు తేవాలి, మంట చూసుకోవాలి, చుట్టూ చేరాలి. యంత్రంతో ఇల్లు వెచ్చబరచినప్పుడు వెచ్చదనం మాత్రమే అందుతుంది, ఆ పనులూ ఆ కలయికా పోతాయి. పరికరం ఫలితాన్ని ఇచ్చి, ఆ ఫలితానికి దారితీసే సాధననూ సాంగత్యాన్నీ తొలగిస్తుందని బోర్గ్‌మన్ వాదం. దిశ తెలియడం ఫలితం. గాలినీ మంచునూ చదవడం, పెద్దవాడి వెంట నడవడం సాధన. జి.పి.ఎస్. మొదటిదాన్ని ఇచ్చి రెండవదాన్ని అనవసరమనిపిస్తుంది. ఈ దృష్టితో చూసినప్పుడు డిజిటల్ పటం కూడా అనుమానించదగినదే. అయితే అది జి.పి.ఎస్. మార్గంలోనే పోవాలని లేదు.

4. కాగితపు పటం నుంచి డిజిటల్ పటానికి:

ఇనూయిట్లు పటాన్ని సాధనంగా స్వీకరించినది హక్కుల పోరాటంలో. 1973లో ప్రారంభమైన భూవినియోగ అధ్యయనం మిల్టన్ ఫ్రీమన్ సంపాదకత్వంలో 1976లో మూడు సంపుటాలుగా వెలువడింది. వేటగాళ్లు తమ జీవితకాలంలో ఎక్కడెక్కడ తిరిగారో, ఏ జంతువును ఎక్కడ వేటాడారో పటాలమీద గుర్తించారు. ఒక్కొక్క మనిషి జీవితం ఒక పటమైంది. వీటిని పటరూప జీవితచరిత్రలు అనవచ్చు. ఈ నేల ఖాళీగా లేదని, సముద్రపు మంచు కూడా తమ నివాసభూమిలో భాగమేనని అవి నిరూపించాయి. 1993లో నునావుట్ భూ ఒప్పందం, 1999 ఏప్రిల్ 1న నునావుట్ ప్రాంత అవతరణ ఈ క్రమంలోనివే.

దీనికి సమాంతరంగా పేర్ల పునరుద్ధరణ సాగింది. పదహారవ శతాబ్దపు ఇంగ్లీషు నావికుడి పేరున ఫ్రోబిషర్ బే అని పిలిచే పట్టణం 1987లో అధికారికంగా ఇకాలుయిట్ అయింది. నునావుట్ ఒప్పందం ఆధారంగా ఏర్పడిన ఇనూయిట్ హెరిటేజ్ ట్రస్ట్ గ్రామగ్రామాన పెద్దలను కలిసి వేలాది స్థలనామాలను సేకరించి పటాలుగా ప్రచురించింది.

కాగితపు పటానికి ఒక పరిమితి ఉంది. దానిమీద పేరు రాయవచ్చు గాని పేరు పలికిన గొంతును ఉంచలేము. ఈ లోటును తీర్చే అవకాశం డిజిటల్ పటానికి ఉంది. ఒట్టావాలోని కార్లటన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రేజర్ టేలర్ 1997లో 'సైబర్‌కార్టోగ్రఫీ' అనే భావనను ప్రతిపాదించారు. పటం కంటికి మాత్రమే పరిమితం కాకుండా, శబ్దం, చిత్రం, కథనం కలసిన రూపంగా ఉండాలన్నది దాని సారాంశం. ఆ విశ్వవిద్యాలయ పరిశోధనకేంద్రం రూపొందించిన ఉచిత సాఫ్ట్‌వేర్ పేరు 'నునలీట్'. ఈ ఇనుక్టిటుట్ మాటకు జనావాసం, సమాజం అనే అర్థాలున్నాయి. పటంలో ఒక చోటును తాకితే దాని పేరును పెద్దల గొంతులో వినవచ్చు, ఆ చోటు కథ వినవచ్చు, చిత్రం చూడవచ్చు. ఉచ్చారణ మరుగవుతున్న భాషకు ఇది చిన్న ప్రయోజనం కాదు.

2014లో వెలువడిన 'పాన్ ఇనూయిట్ ట్రెయిల్స్' పటసంపుటి ఈ దిశలో ప్రసిద్ధమైనది. అపోర్టా, మైకేల్ బ్రావో, ఫ్రేజర్ టేలర్ దీని నిర్మాతలు. పందొమ్మిదవ, ఇరవయ్యవ శతాబ్దాల అన్వేషకులు, యాత్రికులు నమోదుచేసిన ఇనూయిట్ పటాలను, బాటల వివరాలను సేకరించి ఒకే పటంమీదికి తెచ్చారు. విడివిడిగా కనబడిన గ్రామాలు ఉత్తరధ్రువం పొడవునా బాటలతో అల్లుకొని ఉన్నాయని అది చూపింది. ఇలిగ్లియుక్ గీసిన పటంవంటివి పరాయి గ్రంథాలలో రెండు శతాబ్దాలు ఉండి, ఇప్పుడు ఆమె జాతి వారసులకు ఒక రూపంలో తిరిగి చేరాయన్నమాట.

5. యువత చేతిలో పటం:

పైన పేర్కొన్నవి ప్రధానంగా భద్రపరచే ప్రయత్నాలు. భద్రపరచడం వేరు, అందించడం వేరు. తరువాతి మూడు ప్రయత్నాలలో యువతరం పాత్ర మారడం గమనించవచ్చు.

మొదటిది 'ఇగ్లినీట్'. ఈ మాటకు నిత్యం తిరిగే బాటలు అని అర్థం. 2007-08 అంతర్జాతీయ ధ్రువసంవత్సర కార్యక్రమం నేపథ్యంలో బాఫిన్ ద్వీపంలోని క్లైడ్ రివర్ గ్రామంలో ఇది సాగింది. అక్కడి వేటగాళ్లు, పరిశోధకులు, కాల్గరీ విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ విద్యార్థులు కలసి స్నోమొబైల్‌కు అమర్చే ఒక పరికరాన్ని తయారుచేశారు. అది బాటనూ వాతావరణ వివరాలనూ తనంతట తానే నమోదు చేస్తుంది. వేటగాడు తాను చూసిన జంతువును, మంచు పగులును, ప్రమాదస్థలాన్ని తెరమీది బొమ్మలను తాకి నమోదు చేస్తాడు. ఏ వివరం నమోదు కావాలి, ఏ బొమ్మ ఉండాలి అన్నది నిర్ణయించడంలో వేటగాళ్ల మాట ప్రధానమైంది.

రెండవది 'సికు'. సముద్రపు మంచుకు ఇనుక్టిటుట్ పేరే ఇది. హడ్సన్ అఖాతంలోని సానికిలువాక్ గ్రామం కేంద్రంగా పనిచేసే ఆర్కిటిక్ ఈడర్ సొసైటీ 2019లో దీనిని ప్రారంభించింది. చరవాణిలో పనిచేసే ఈ వేదికలో తాజా ఉపగ్రహ చిత్రాలు, వాతావరణం, పోటుపాటుల వివరాలు ఉంటాయి. వాటిమీద వేటగాళ్లు తమ ప్రయాణాన్ని, వేటను, ప్రమాదకరమైన మంచును తమ మాండలికపు పదాలతోనే గుర్తించవచ్చు. పదహారేళ్ల బాలుడు తాను చూసిన మంచును నమోదు చేయబోయినప్పుడు దానికి ఏ పేరు పెట్టాలో తేల్చుకోవాలి. అందుకు తాతను అడగక తప్పదు. పరికరం ఇక్కడ సంభాషణకు అవసరం కల్పిస్తుంది.

మూడవది 'స్మార్ట్‌ఐస్'. 2009-10 చలికాలం లాబ్రడార్ తీరంలో అసాధారణంగా వెచ్చగా గడిచి, అలవాటైన బాటలు ప్రమాదకరమైన అనుభవం దీనికి నేపథ్యం. మంచు మందాన్ని కొలిచే సాధనాన్ని 'కముటీక్' అనే సంప్రదాయ స్లెడ్జికి అమర్చి స్థానికులే నడుపుతారు. పాండ్ ఇన్‌లెట్‌లో పెద్దలు, అనుభవజ్ఞులైన వేటగాళ్లు, యువకులు ఉన్న 'సికుమియుట్' అనే స్థానిక సంఘం ఈ పనిని నిర్దేశిస్తుంది. ఆ మాటకు 'సముద్రపు మంచు జనం' అని అర్థం. పెద్దలు చెప్పిన మంచు పదాలను, ప్రమాదస్థలాలను, ఋతువులవారీ మార్పులను యువకులు నమోదుచేసి ప్రయాణభద్రతా పటాలుగా రూపొందిస్తారు. వాతావరణ మార్పు వల్ల పాతజ్ఞానం పనికిరాకుండా పోయిందన్న వాదానికి ఇది జవాబు. మంచు ఏర్పడే తేదీ మారవచ్చు. మంచును పరీక్షించే పద్ధతి, తొందరపడని గుణం, ప్రవాహం ఉన్నచోటి మీద అనుమానం మాత్రం మునుపటికంటే ఎక్కువగా అవసరమయ్యాయి.

6. పటం చేయగలిగినది, చేయలేనిది:

ఈ ప్రయత్నాలను బోర్గ్‌మన్ దృష్టితో పరిశీలిస్తే ఒక నియమం తేలుతుంది. యువకుడు ఒంటరిగా వాడుకొనే తయారైన పటం, జి.పి.ఎస్. వలెనే ఫలితాన్ని ఇచ్చి సాధనను తొలగిస్తుంది. యువకుడు పెద్దలతో కలసి తయారుచేసే పటం సాధనకే నెలవు అవుతుంది. అంటే జ్ఞానం అందేది పూర్తయిన పటం వల్ల కాదు, పటం చేసే పని వల్ల. కాబట్టి ఒక గ్రామంలో ఒకసారి పటం పూర్తిచేసి ముగింపు పలకడం కంటే, ప్రతితరం దానిని మళ్లీ నింపుకొనే ఏర్పాటు మేలైనది. మంచుమీది బాట ఏటా కరిగి ఏటా మళ్లీ ఏర్పడినట్టే పటమూ కొత్తగా ఏర్పడుతూ ఉండాలి.

పరిమితులనూ గుర్తించాలి. మొదటిది, గీత స్వభావం. పటంమీది గీత ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. నేలమీది బాట ఆనాటి మంచును బట్టి పక్కకు జరుగుతుంది. గీతను ఆజ్ఞగా భావించిన యువకుడికి పటం అపాయకరం. రెండవది, సందర్భం. పెద్దలు ఒక హెచ్చరికను ఆ చోటికి చేరినప్పుడు, వినేవాడి అనుభవాన్ని అంచనా వేసి చెబుతారు. ధ్వనిముద్రికకు ఆ విచక్షణ లేదు. మూడవది, సాంకేతిక ఆయుష్షు. సాఫ్ట్‌వేర్ పాతబడుతుంది, నిధులు ఆగుతాయి, జాలస్థలం మూతపడుతుంది. మౌఖిక సంప్రదాయం శతాబ్దాలు నిలిచిన చోట పదేళ్ల ఆయుష్షు ఉన్న సాధనం మీదనే భారం వేయడం వివేకం కాదు.

7. పటం ఎవరిది?

జ్ఞానాన్ని పటంలో పెట్టడం అంటే ఇతరులకు కనబడేలా చేయడం కూడా. చేపలు సమృద్ధిగా దొరికే చోటు, సమాధులు, పవిత్రస్థలాలు అందరికీ తెలియడం ఆ సమాజానికి హానికరం కావచ్చు. ఖనిజ సంస్థకు, వినోదయాత్రికుడికి, వేటనియంత్రణ అధికారికి ఆ పటంలో వేర్వేరు ప్రయోజనాలుంటాయి. అందుకే సికులో నమోదైన సమాచారంపై స్వామ్యం నమోదు చేసినవారిదే. ఖచ్చితమైన స్థానాన్ని చూపాలా, ఎవరికి చూపాలి అన్నది వారే నిర్ణయించుకోవచ్చు.

దీనికి విస్తృతమైన భూమిక ఉంది. 2007 నాటి ఐక్యరాజ్యసమితి ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటన 31వ అధికరణం సంప్రదాయ జ్ఞానంపై నియంత్రణ, సంరక్షణ హక్కులను గుర్తించింది. కెనడాలోని ఇనూయిట్ల జాతీయసంస్థ 2018లో తమ ప్రాంతంలో జరిగే పరిశోధనలకు జాతీయ వ్యూహాన్ని ప్రకటించి, సమాచారంపై తమ యాజమాన్యాన్నీ పరిశోధన నిర్వహణలో తమ పాత్రనూ కోరింది. 2019లో వెలువడిన 'కేర్' సూత్రాలు సామూహిక ప్రయోజనం, నియంత్రణాధికారం, బాధ్యత, నైతికత అనే నాలుగింటిని ఆదివాసీ సమాచార నిర్వహణకు ప్రమాణాలుగా నిలిపాయి.

ఈ అంశం జ్ఞానవారసత్వంతో నేరుగా ముడిపడి ఉంది. తాను చెప్పినది ఎక్కడికి పోతుందో తెలియని పెద్దమనిషి మాట దాచుకొంటాడు. అలా దాచిన మాట పరాయివారికే కాదు, మనవడికీ అందకుండా పోతుంది. నమ్మకం కుదిరిన పటంలోకే అసలైన జ్ఞానం వస్తుంది.

8. తెలుగు రాష్ట్రాల పరిశోధకులకు సూచనలు:

ఇనూయిట్ల అనుభవాన్ని యథాతథంగా మన ఆదివాసీ ప్రాంతాలకు అన్వయించడం పొరపాటు. నేల వేరు, చరిత్ర వేరు, చట్టం వేరు. అయినా పటం హక్కుకు సాక్ష్యం కావడం, అదే పటం తరాల మధ్య వారధి కావడం అనే రెండు అంశాలు ఇక్కడికీ వర్తిస్తాయి.

2006 అటవీ హక్కుల చట్టం జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై సామూహిక హక్కును గుర్తించింది. దాని నియమాలు గ్రామ పెద్దల వాంగ్మూలాన్ని లిఖితరూపంలో సాక్ష్యంగా స్వీకరిస్తాయి. 2012 సవరణలో ముఖ్యమైన వివరణ ఉంది: ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతికత మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు గాని వాటికి ప్రత్యామ్నాయం కారాదు. పెద్దల మాట ముందు, పటం దానికి తోడు అన్న క్రమాన్ని మన చట్టమే నిర్దేశించిందన్నమాట. ఇనూయిట్ల అనుభవం అదే క్రమాన్ని విద్యారంగంలో సమర్థిస్తున్నది.

నల్లమల చెంచుల గురించి హైమన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన గ్రంథం ఆహారసేకరణకు వారు తిరిగే ప్రాంతాలను, ఒక్కొక్క జట్టుకు ఉండే హద్దులను వివరించింది. దుంపలు తవ్వే తావులు, తేనె దిగే కొండచరియలు, వాగుల పేర్లు, పెంట నుంచి పెంటకు పోయే దారులు ఆ జ్ఞానంలో భాగం. పెంటలు అడవి నుంచి బయటికి తరలినప్పుడు ఆ దారులు నడిచేవారు తగ్గుతారు. గోదావరి లోయలో పోలవరం ముంపు వల్ల కదిలిన కొండరెడ్డి, కోయ గూడేల పరిస్థితి మరింత తీవ్రమైనది. అక్కడ పేరు చెప్పి వేలుపెట్టి చూపడానికి ఆ చోటే నీటిలో ఉంటుంది. పునరావాస కాలనీలో పుట్టిన పిల్లవాడికి పాత ఊరు, దాని చుట్టూ ఉన్న గుట్టలు, వేల్పుల తావులు పెద్దల మాటలో మాత్రమే మిగులుతాయి. ఆ మాట చెప్పగలవారు ఉన్నప్పుడే దానిని సేకరించడం మన తరం పరిశోధకుల బాధ్యత.

ఈ పనికి పూనుకొనేవారు నాలుగు అంశాలు గమనించాలి. మొదట, పేర్లను కోయ, గోండి వంటి వారి భాషలలో, వారి గొంతులో నమోదు చేయాలి. తెలుగులోకి మారిన పేరు చాలదు. రెండు, సేకరణలో ఆ గూడెం విద్యార్థులే పెద్దలను ప్రశ్నించేలా చూడాలి. మూడు, ఏ తావు పటంమీద కనబడాలో, ఏది దాచాలో గ్రామసభ నిర్ణయించాలి. నాలుగు, పటం ప్రతి గ్రామంలోనే ఉండాలి, అంతర్జాలం లేకపోయినా తెరవగలగాలి. సిద్ధాంతవ్యాసం సమర్పించి పట్టా అందుకోవడంతో పరిశోధకుడి పని ముగుస్తుంది. గ్రామానికి మాత్రం పని అప్పుడే మొదలవుతుంది.

9. ముగింపు:

ఇనూయిట్ల అనుభవం నుంచి తేలిన అంశాలు ఇవి. ఆదివాసీ స్థలజ్ఞానం ప్రధానంగా వివేచన. అది పెద్దల సాహచర్యంలో, నేలమీద మాత్రమే పూర్తిగా అందుతుంది. డిజిటల్ పటం పేరును, గొంతును, బాటను భద్రపరచగలదు. అంతకుమించి, తయారీలో తరాలను కలిపినప్పుడు సాహచర్యానికి కొత్త సందర్భాన్ని కల్పించగలదు. సమాచారంపై అధికారం సమాజానిదైనప్పుడే ఇది సాధ్యం. ఆ అధికారం లేనిచోట డిజిటల్ పటం ప్యారీ చేతిలోని కాగితం వంటిదే అవుతుంది.

1822లో ఇలిగ్లియుక్ పటం గీసింది అపరిచితుడి కోసం. నేడు పాండ్ ఇన్‌లెట్‌లో ఒక పెద్దావిడ మంచు పేరు చెబుతుంటే, పక్కన కూర్చొని దానిని పటంలో చేర్చేవాడు ఆమె ఊరి కుర్రవాడే. రేపు ఆ మంచుమీద అడుగు వేసేదీ అతడే. పటం విలువను ఆ అడుగుతోనే కొలవాలి.